నల్ల హౌలర్ కోతి: తరచుగా అడిగే ప్రశ్నలు

మధ్య అమెరికా వానాడవుల్లో బతికే నల్ల హౌలర్ కోతి గురించి అవే సందేహాలు మళ్లీమళ్లీ వస్తుంటాయి. అది అంత గట్టిగా ఎందుకు అరుస్తుంది, ఇంట్లో పెంచితే ఎందుకు చచ్చిపోతుంది, రైతుల పొలాల మధ్య ఎలా నెగ్గుకొస్తోంది వంటివి. వాటికి జవాబులన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాం. ఏ ప్రశ్న దగ్గరైనా మొదలుపెట్టి చదవొచ్చు, ముందువి చదవకపోయినా అర్థమవుతుంది.

## ముందుగా, ఇది ఏ కోతి?

హౌలర్ కోతుల్లో చాలా రకాలున్నాయి కదా, ఇక్కడ చెప్పేది దేని గురించి?

మెక్సికో నుంచి అర్జెంటీనా దాకా హౌలర్లు పదికి అటూఇటూగా జాతులున్నాయి. ఇక్కడ చెప్పేది యుకటాన్ నల్ల హౌలర్ గురించి. శాస్త్రీయ నామం అలువాటా పిగ్రా. దక్షిణ అమెరికాలోనూ నల్ల హౌలర్ అనే పేరుతో ఇంకో జాతి ఉంది. అందులో మగది నల్లగా, ఆడది లేత పసుపు రంగులో ఉంటుంది. యుకటాన్ జాతిలో ఆడ, మగ, పిల్ల అన్నీ నలుపే. ఇంటర్నెట్‌లో ఈ రెండింటి ఫొటోలు తరచూ కలిసిపోతుంటాయి.

ఎక్కడెక్కడ ఉంటుంది?

మూడు దేశాల్లోనే. బెలీజ్, గ్వాటెమాలా ఉత్తర భాగం, మెక్సికోలోని యుకటాన్ ద్వీపకల్పం, దాన్ని ఆనుకుని టబాస్కో, చియాపాస్ రాష్ట్రాల్లో కొంత. పాత మాయా నగరాలు టికాల్, కలక్‌ముల్, పలెంకే శిథిలాల చుట్టూ ఉన్న అడవులన్నీ దీని ఇలాకాలే. ఇది పల్లపు అడవుల జంతువు. నదుల ఒడ్డున, వరద నీరు వచ్చిపోయే చోట పెరిగే ఎత్తైన చెట్లంటే దీనికి మరీ ఇష్టం. టబాస్కోలో ఒకచోట దీని ఇలాకా, మాంటిల్డ్ హౌలర్ అనే ఇంకో హౌలర్ జాతి ఇలాకా కలుస్తాయి. అక్కడ రెండు జాతులకూ పుట్టిన సంకర కోతులు కూడా తిరుగుతుంటాయి.

ఎంత పెద్దది? దూరం నుంచి ఎలా గుర్తుపట్టాలి?

హౌలర్లలో బాగా పెద్ద జాతుల్లో ఇదొకటి. మగది 11 కిలోల దాకా తూగుతుంది, ఆడది 6 నుంచి 7 కిలోలు. తల నుంచి తోక మొదలు వరకు రెండడుగులు, తోక మరో రెండడుగులు. ఆ తోక చివర అడుగుభాగాన వెంట్రుకలుండవు. అక్కడి చర్మం మీద మన వేలిముద్రల్లాంటి గీతలుంటాయి. బరువంతా తోక మీదే వేసి తలకిందులుగా వేలాడుతూ రెండు చేతులతో ఆకులు కోసుకుంటుంది. కొమ్మ పట్టుకునే తీరు ఇంకో గుర్తు. బొటనవేలితో కాకుండా చూపుడువేలికీ మధ్యవేలికీ మధ్య కొమ్మను ఇరికించుకుంటుంది. మగదానికి గడ్డం కింద గొంతు ఉబ్బెత్తుగా ఉంటుంది.

మన కొండముచ్చుకు ఇది చుట్టమేనా?

దగ్గరి చుట్టం కాదు. కొండముచ్చు పాత ప్రపంచపు కోతి, హౌలర్ అమెరికా ఖండాల కోతి. ఈ రెండు వంశాలూ కోట్ల ఏళ్ల కిందటే విడిపోయాయి. రెండూ ఆకులు తిని బతుకుతాయి కాబట్టి ఒకేలా అనిపిస్తాయి, కానీ లోపలి ఏర్పాటు వేరు. కొండముచ్చుకు ఆవు పొట్టలా గదులున్న జీర్ణకోశం ఉంటుంది, ఆకు ముందు అక్కడే పులుస్తుంది. హౌలర్‌కు మామూలు పొట్టే. ఆకు పులిసేది చివర్లో, పెద్దపేగులో. అందుకే హౌలర్ ముదురాకుల మీద ఎక్కువ కాలం బతకలేదు. లేతాకు, పండు తప్పనిసరి.

బెలీజ్‌లో దీన్ని బబూన్ అంటారేంటి? బబూన్ ఆఫ్రికాది కదా?

బెలీజ్ క్రియోల్ భాషలో ఈ కోతి పేరు బబూనే. ఆఫ్రికా బబూన్‌తో ఏ సంబంధమూ లేదు. అక్కడి పేరున్న సంరక్షణ ప్రాంతం కమ్యూనిటీ బబూన్ శాంక్చురీ కూడా హౌలర్ల కోసమే పెట్టింది.

## పుట్టుక, పెంపకం, గుంపు

ఒక ఆడదానికి ఎన్ని పిల్లలు పుడతాయి? ఎంత వ్యవధిలో?

కాన్పుకు ఒకటే పిల్ల. గర్భం సుమారు ఆరు నెలలు. బతికిన పిల్లకూ తర్వాతి పిల్లకూ మధ్య ఏడాదిన్నర పైనే పడుతుంది. ఆడది మొదటిసారి ఈనేది నాలుగేళ్ల వయసు దాటాకే. అంటే ఒక ఆడదాన్ని కాల్చి చంపితే ఆ లోటు పూడటానికి ఏళ్లు పడుతుంది. వేటను ఈ జాతి తట్టుకోలేకపోవడానికి అసలు కారణం ఈ లెక్కే.

పుట్టిన పిల్ల మొదటి వారాలు తల్లి పొట్టను కరుచుకుని ఉంటుంది. తర్వాత వీపు మీదికి చేరి, తోకను తల్లి తోక మొదట్లో చుట్టుకుని కూర్చుంటుంది. ఏడాదికి అటూఇటూగా పాలు మానుతుంది. కొమ్మల మధ్య పిల్ల దూకలేనంత ఎడం వస్తే తల్లి అటు చేయి, ఇటు తోక పట్టుకుని తన ఒళ్లునే వంతెన చేస్తుంది. పిల్ల దాని వీపు మీదుగా దాటుతుంది.

పిల్లల్లో ఆడామగా ఎలా తెలుస్తుంది?

ఈ జాతిలో చాలా తేలిక. సుమారు నాలుగు నెలల వయసు నుంచే మగ పిల్లకు వృషణాల తిత్తి తెల్లగా కనిపిస్తుంది. నల్లటి ఒంటి మీద ఆ తెలుపు బైనాక్యులర్‌లో స్పష్టంగా తెలుస్తుంది. గుంపులను లెక్కపెట్టేవాళ్లు చూసేది ఇదే.

గుంపులో ఎన్ని ఉంటాయి? నాయకుడు ఉంటాడా?

ఎక్కువగా నాలుగు నుంచి ఎనిమిది. పది దాటడం అరుదు. ఒకటో రెండో పెద్ద మగవి, రెండు మూడు ఆడవి, వాటి పిల్లలు. మాంటిల్డ్ హౌలర్ గుంపులు దీనికంటే బాగా పెద్దవి. పెరిగాక ఆడదైనా మగదైనా పుట్టిన గుంపు విడిచి వెళ్లిపోవచ్చు. అడవి ముక్కలైన చోట ఇదే పెద్ద చిక్కు. బయటికొచ్చిన కుర్రకోతికి పక్క అడవికి పోయే దారి ఉండదు. నేల మీద దిగి పచ్చికబీడు దాటబోయి కుక్కలకు చిక్కుతుంది.

కొత్త మగది వస్తే పిల్లల్ని చంపేస్తుందన్నది నిజమా?

నిజం. బయటి మగవి గుంపును ఆక్రమించినప్పుడు చంటిపిల్లలు చనిపోవడం, మాయమవడం ఈ జాతిలో నమోదైంది. పాలు తాగే పిల్ల పోతే తల్లి త్వరగా ఎదకు వస్తుంది, కొత్త మగదానికి అదే లాభం. సంరక్షణ పనికి దీనివల్ల ఒక నియమం ఏర్పడింది. గుంపులను తరలించేటప్పుడు మగదాన్ని విడగొట్టకూడదు. విడగొడితే కొత్తచోట ఇంకో మగది చేరి పిల్లల్ని చంపవచ్చు.

ఎన్నేళ్లు బతుకుతుంది?

అడవిలో ఇరవై ఏళ్ల దాకా.

## తిండి, విశ్రాంతి

నిజంగా ఆకులే తింటుందా?

ఆకులు, పండ్లు, పూలు. ఏ కాలంలో ఏది దొరికితే దాన్నిబట్టి పాళ్లు మారతాయి. పండు ఉన్న నెలల్లో పండుకే మొగ్గు, లేనప్పుడు లేతాకు. మాంసకృత్తులు ఎక్కువ, పీచు తక్కువ ఉన్న చిగుళ్లనే ఏరుకుంటుంది. దీనికి సాయపడేది కంటిచూపు. అమెరికా కోతుల్లో చాలా జాతుల్లో మగవాటికి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగ్గా తెలియదు. హౌలర్లలో మాత్రం ఆడా మగా అన్నిటికీ మనలాగే మూడు రంగుల చూపు ఉంది. ఎర్రటి చిగురు పచ్చటి ఆకుల్లో వెంటనే కనబడుతుంది.

చెట్లలో ముఖ్యమైనవి మర్రి, మేడి కుటుంబానికి చెందిన అత్తిజాతులు, రామోన్ అనే బ్రెడ్‌నట్, మన అడవిమామిడి జాతికే చెందిన హాగ్‌ప్లమ్, ట్రంపెట్ చెట్టు అని పిలిచే సెక్రోపియా, ఇంకా సపోటా. మన తోటల్లో కాసే సపోటాకు పుట్టిల్లు ఆ అడవులే. అక్కడ అది వంద అడుగుల దాకా పెరిగే అడవి చెట్టు.

రోజంతా పడుకునే ఉంటుంది, ఏదైనా జబ్బా?

కాదు. పగటి సమయంలో నాలుగింట మూడు వంతులు విశ్రాంతి తీసుకోవడం దీని సహజ పద్ధతి. ఆకులో శక్తి తక్కువ, పులిసి అరగడానికి గంటలు పడుతుంది. రోజుకు కొన్ని వందల మీటర్లకు మించి కదలదు. ఆ తీరు వల్లే చిన్న జాగాలో కూడా ఒక గుంపు ఇమిడిపోతుంది. పది ఎకరాల చిన్న తోపు నుంచి అరవై ఎకరాల దాకా గుంపు ఇలాకాలు ఉంటాయి.

నీళ్ల కోసం కిందికి దిగుతుందా?

మామూలుగా దిగదు. లేతాకుల్లో, పండ్లలో ఉన్న తడే దానికి చాలు. చెట్టు తొర్రలో వాన నీరు నిలిస్తే చెయ్యి ముంచి, వెంట్రుకలకు అంటిన నీటిని నాకుతుంది. ఎండాకాలం చివర్లో తొర్రలు ఎండిపోయి, ఆకులు వడలినప్పుడు మాత్రం నేల మీదికి వస్తుంది. చెట్ల మీద బతికే కోతి కుంట దగ్గర కనిపించిందంటే అది ఇబ్బందిలో ఉందని అర్థం.

దీనివల్ల అడవికి ఏం లాభం?

మింగిన పండ్లలో గింజలు చాలావరకు చెక్కుచెదరకుండా పేడతో బయటపడతాయి. గుంపంతా పొద్దున లేవగానే, లేదా మధ్యాహ్నం విశ్రాంతి అయ్యాక ఒకేసారి కింద వేస్తుంది. పేడపురుగులు నిమిషాల్లో అక్కడ వాలి, ఉండలు చేసి గింజలతో సహా మట్టిలో పూడ్చిపెడతాయి. పూడ్చిన గింజ ఎలుకల కంట పడకుండా మొలకెత్తే అవకాశం ఎక్కువ.

## కేక

అంత చిన్న ఒంట్లోంచి అంత పెద్ద గొంతు ఎలా వస్తుంది?

గొంతులో నాలుక మొదట ఉండే హయాయిడ్ ఎముక వల్ల. మనకు అది సన్నటి వంకీలా ఉంటుంది. హౌలర్‌కు అది ఉబ్బి, లోపల బోలుగా ఉన్న గిన్నెలా తయారైంది. స్వరపేటిక నుంచి వచ్చే శబ్దం ఆ గిన్నెలో మార్మోగి, లోతుగా బయటికొస్తుంది. తక్కువ స్థాయి ధ్వని ఆకుల మధ్య త్వరగా చెదిరిపోదు కాబట్టి రెండు మూడు కిలోమీటర్లు, గాలి లేని తెల్లవారుజామున ఇంకా దూరం కూడా వినిపిస్తుంది. మగదాని ఎముక ఆడదానికంటే పెద్దది. కొత్తగా విన్నవాళ్లు చాలామంది దాన్ని జాగ్వార్ గర్జన అనుకుంటారు.

ఎందుకు అరుస్తుంది? కోపమా?

మేమిక్కడున్నాం, మాలో ఇంతమందిమి ఉన్నాం అని పక్క గుంపుకు చెప్పడానికి. శక్తి తక్కువ తిండితో బతికే జంతువుకు కొట్లాట చాలా ఖరీదైన పని. గొంతులతోనే తేల్చుకుంటే ఎవరి దారిన వాళ్లు పోవచ్చు. రికార్డు చేసిన కేకలు వినిపించి చూసిన పరీక్షల్లో ఒక సంగతి తేలింది. అరిచే మగవి తమకంటే ఎక్కువున్నాయనిపిస్తే ఇటువాళ్లు వెనక్కి తగ్గుతారు, తక్కువుంటే ముందుకొస్తారు. తెల్లవారుజామున కేకలు ఎక్కువ. పండు బాగా కాసిన చెట్టు దగ్గర, చంటిపిల్లలున్నప్పుడు, ఉరుము వినబడినప్పుడు, పైన విమానం పోతున్నా అరుస్తాయి.

గొంతు పెద్దదైన మగదానికి పిల్లలు ఎక్కువ పుడతాయా?

2015లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయానికి చెందిన జేకబ్ డన్, ఇతర పరిశోధకులు హౌలర్ జాతులను పోల్చి చూశారు. హయాయిడ్ పెద్దగా ఉన్న జాతుల్లో వృషణాలు చిన్నవి, హయాయిడ్ చిన్నదైతే వృషణాలు పెద్దవి అని తేలింది. గుంపులో ఒకే మగది ఉండే జాతులు గొంతుతో పోటీదారులను దూరం పెడతాయి. చాలా మగవి కలిసుండే జాతుల్లో పోటీ వీర్యం దగ్గర జరుగుతుంది. రెండింటి మీదా పెట్టుబడి పెట్టగల జాతి కనిపించలేదు.

## ఆపదలు

అంతరించిపోయే స్థితిలో ఉందా?

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఎర్రజాబితాలో అంతరించే ప్రమాదమున్న జాతిగా ఉంది. వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం మొదటి అనుబంధంలో ఉంది కాబట్టి దీని అంతర్జాతీయ వ్యాపారం నిషిద్ధం. బెలీజ్‌లో 1981 వన్యప్రాణి రక్షణ చట్టం కింద వేటాడటం, అనుమతి లేకుండా పెంచడం నేరం. కాగితం మీద రక్షణ గట్టిగానే ఉంది. తగ్గుతున్నది దాని ఇల్లు. పశువుల బీళ్లు, చెరకు, ఆయిల్‌పామ్, రోడ్లు.

చిన్న అడవి ముక్కలో కూడా బతుకుతుందంటారు. మరి అడవి ముక్కలైతే వచ్చే నష్టమేంటి?

కొన్నేళ్లు బతుకుతుంది. అందుకే ఈ సందేహం. నష్టం నిదానంగా కనిపిస్తుంది. ముక్కలో పండ్ల చెట్లు పది ఉంటే, వాటిలో రెండు కొట్టేసినా నెలల తరబడి పండు ఉండదు. మెక్సికోలో ఈ జాతి మీదే చేసిన పరిశోధన 2013లో అచ్చయింది. నిండు అడవిలోని కోతుల పేగుల్లో ఉన్నన్ని రకాల సూక్ష్మజీవులు ముక్కల అడవిలోని వాటికి లేవు, బోనులో ఉన్న వాటికి ఇంకా తక్కువ. ఆకును అరిగించేది ఆ సూక్ష్మజీవులే. దానికి తోడు బయటి నుంచి జత దొరకక, గుంపు లోపలే సంతానం పుడుతుంది. పైకి ఆరోగ్యంగా కనిపించే గుంపు ఒక తరం తర్వాత మాయమవుతుంది. ముక్కలో కోతులున్నాయి కదా, అంతా బాగుంది అనుకోవడం ఈ విషయంలో జరిగే పెద్ద పొరపాటు.

తుఫాను వస్తే ఏమవుతుంది?

దీనికి కళ్లకు కట్టే ఉదాహరణ దక్షిణ బెలీజ్‌లోని మంకీ రివర్. అక్కడ కాల్గరీ విశ్వవిద్యాలయానికి చెందిన మేరీ పవెల్కా బృందం ముందునుంచే కోతులను గమనిస్తోంది. 2001 అక్టోబరులో ఐరిస్ తుఫాను నేరుగా ఆ అడవి మీద పడింది. మొదటి దెబ్బకు కోతుల్లో 42 శాతం పోయాయి. అక్కడితో ఆగలేదు. నిలబడ్డ చెట్లకు ఆకులు తిరిగొచ్చాయి గానీ, పండ్లు ఏడాదికి పైగా కాయలేదు. ఆకుల మీదే నెట్టుకొచ్చిన కోతులు నీరసించాయి, పిల్లలు నిలవలేదు, గుంపులు విచ్ఛిన్నమయ్యాయి. మూడేళ్లు దాటేసరికి మొత్తం నష్టం 78 శాతానికి చేరింది. తర్వాత మెల్లగా కోలుకోవడం మొదలైంది. త్వరగా పెరిగే సెక్రోపియా ఆ రోజుల్లో వాటికి ముఖ్యమైన తిండి అయింది.

తుఫాను తర్వాత పడిన చెట్లను తొలగించే పేరుతో నిలబడ్డ చెట్లను కూడా కొట్టేస్తే ఆ నెమ్మది కోలుకోవడం కూడా జరగదు.

ఎల్లో ఫీవర్ ఈ కోతుల వల్లే వస్తుందా?

కాదు. అడవి దోమలు, ముఖ్యంగా హీమగోగస్, సబెథెస్ జాతులు వైరస్‌ను మోస్తాయి. హౌలర్‌కు అది సోకితే కొద్ది రోజుల్లోనే చనిపోతుంది. అడవిలో హౌలర్లు రాలిపోతున్నాయంటే మనుషులకు టీకాలు వేయాల్సిన సమయం వచ్చిందని హెచ్చరిక. 1950లలో ఈ జబ్బు మధ్య అమెరికాలో పాకి చాలాచోట్ల హౌలర్లను తుడిచిపెట్టింది. 2016 చివర్లో మొదలైన బ్రెజిల్ వ్యాప్తిలో గోధుమరంగు హౌలర్లు వేలల్లో పోయాయి. దానికి తోడు భయంతో జనం కొన్నిటిని కొట్టి చంపారు. కర్ణాటకలో 1957లో బయటపడ్డ క్యాసనూర్ అడవి జ్వరంలోనూ ఇంతే. పిడుదుల వల్ల సోకే ఆ జబ్బుకు కొండముచ్చులు ముందుగా చనిపోయి ఊళ్లకు కబురు చెబుతాయి.

2024లో ఎండకు కోతులు చెట్ల మీంచి రాలిపడ్డాయని చదివాం. అవి ఇవేనా?

మే 2024లో టబాస్కోలో వందకు పైగా రాలిపడి చనిపోయినవి ప్రధానంగా మాంటిల్డ్ హౌలర్లు. అది దగ్గరి జాతే, అదే రాష్ట్రంలో నల్ల హౌలరూ ఉంది. వేడికి హౌలర్ చేసే పని కాళ్లూ చేతులూ వేలాడేసి, పొట్ట కొమ్మకు ఆనించి పడుకోవడం. నీడ, తడి ఆకు ఉంటే అది సరిపోతుంది. ముక్కలైన అడవిలో గాలి వేడెక్కి, ఆకులు వడలి, తొర్రల్లో నీరు ఇంకిపోతే ఒళ్లు తట్టుకోలేదు.

పిల్లను తెచ్చి ప్రేమగా పెంచితే తప్పేంటి?

పిల్లను ఎవరూ అడవిలో ఒంటరిగా ఏరుకుని తేరు. తల్లి ఒంటిని వదలదు కాబట్టి తల్లిని కాల్చి, కిందపడ్డాక దాని మీంచి ఊడదీస్తారు. కొన్నిసార్లు పిల్ల కూడా ఆ పడటంలో చనిపోతుంది. బతికినదానికి ఆవు పాలు, రొట్టె, అరటిపండు పెడతారు. పేగుల్లో ఆకును పులియబెట్టే సూక్ష్మజీవులు నశించి విరేచనాలు పట్టుకుంటాయి. ఎముకలు వంగిపోతాయి. చాలావరకు ఏడాది దాటవు. దాటినది పెద్దదై కరవడం మొదలుపెట్టాక గొలుసుతో కట్టేస్తారు. ప్రేమ ఎంతున్నా పేగు మారదు.

## కాపాడటం

కమ్యూనిటీ బబూన్ శాంక్చురీ ఎలా పనిచేస్తుంది?

బెలీజ్ నది ఒడ్డున బెర్ముడియన్ ల్యాండింగ్ అనే ఊళ్లో 1985లో మొదలైంది. అమెరికన్ జంతుశాస్త్రవేత్త రాబర్ట్ హార్విచ్ అక్కడి రైతులతో కూర్చుని మాట్లాడారు. అది ప్రభుత్వ అడవి కాదు, అంతా సొంత పొలాలు. అందుకే అక్కడ కంచె వేయలేదు, ఎవరినీ ఖాళీ చేయించలేదు. ముందు పన్నెండు మంది భూయజమానులు హామీపత్రం మీద సంతకం చేశారు. తర్వాత ఏడు ఊళ్లలో రెండు వందల మందికి పైగా చేరారు, విస్తీర్ణం సుమారు 20 చదరపు మైళ్లు. మొదట్లో 800 దాకా ఉన్న కోతులు తర్వాతి లెక్కల్లో 2,000 దాటాయి. 1998 నుంచి ఆ ఊళ్ల మహిళల సంఘం దీన్ని నడుపుతోంది.

రైతు ఒప్పుకునేవి నాలుగు పనులు. నది ఒడ్డు వెంట అడవిని ఉంచాలి. పొలం గట్ల మీద, ఇద్దరి భూములకు మధ్య సరిహద్దులో చెట్ల వరుస వదలాలి. పొలం నరికేటప్పుడు అత్తి, హాగ్‌ప్లమ్ లాంటి కోతుల తిండి చెట్లను ముట్టుకోకూడదు. పెద్ద బీడు చేస్తే మధ్యలో చెట్ల పట్టీ ఒకటి ఉంచాలి. ఒడ్డున చెట్లుంటే నేల కోతకు గురి కాదు, చేపలకు నీడ ఉంటుంది. కాబట్టి ఇది రైతుకూ పనికొచ్చే బేరమే.

సంతకానికి చట్టబలం ఉందా? మాట తప్పితే?

లేదు. అది స్వచ్ఛంద హామీ. బలం, బలహీనత రెండూ అక్కడే ఉన్నాయి. సొంతంగా ఒప్పుకున్న రైతు పక్కవాణ్ణి కూడా ఒప్పిస్తాడు. కానీ భూమి వారసులకు చీలినప్పుడు, బయటివాళ్లకు అమ్ముడైనప్పుడు పాత సంతకం ఎవరినీ కట్టిపడేయదు. సంతకాలున్న కాలంలోనే అక్కడ అడవి కొంత తగ్గింది. పర్యాటకుల ఆదాయం మార్గదర్శకులకు, గది అద్దెకిచ్చేవాళ్లకు అందుతుంది. చెట్లు వదిలిన రైతు ఇంట్లో ఎవరికీ ఆ పని లేకపోతే అతనికి రూపాయి రాదు. ఈ పద్ధతిని ఇంకోచోట పెట్టాలనుకునేవాళ్లు మొదటిరోజు నుంచే తేల్చుకోవాల్సింది ఈ పంపకం.

రోడ్డు మీద తాడు వంతెనలు కడితే నిజంగా వాడతాయా?

వాడతాయి, సరైన చోట కడితే. బబూన్ శాంక్చురీలో తొలినాళ్లలోనే రోడ్డుకు అడ్డంగా నిచ్చెనలాంటి వంతెనలు వేలాడదీశారు. పనిచేయాలంటే కొన్ని జాగ్రత్తలు అవసరం.

కోతులు ఇదివరకే రోడ్డు దాటుతున్న చోటు ఎంచుకోవాలి, మనకు వీలైన చోటు కాదు. రెండు వైపులా చివర నిలువు స్తంభానికి కాక, ఆకులున్న కొమ్మల మధ్యలోకి వెళ్లాలి. లారీ ఎత్తు దాటాక కూడా తాడు కుంగిపోతుందని లెక్కలో పెట్టుకోవాలి. తడిసి ఆరే తాడు ఎండకు పెళుసవుతుంది, ఏటా చూసి మార్చాలి. ఎక్కువ వంతెనలు విఫలమయ్యేది కట్టేటప్పుడు కాదు, మూడో ఏడాది ఎవరూ చూడకపోవడం వల్ల. పక్కనే తొడుగు లేని కరెంటు తీగలుంటే ముందు వాటికి తొడుగు వేయించాలి. కోస్టారికాలో తీగలు పట్టుకుని హౌలర్లు చనిపోవడం ఇప్పటికీ పెద్ద సమస్యే.

కోతులు లేని అడవికి వేరేచోటి నుంచి తెచ్చి వదలొచ్చా?

వదిలారు, ఫలించింది కూడా. జాగ్వార్ల అడవిగా పేరున్న బెలీజ్‌లోని కాక్స్‌కోంబ్‌లో ఎల్లో ఫీవర్, 1961 హ్యాటీ తుఫాను, వేట కలిసి హౌలర్లను లేకుండా చేశాయి. 1992 నుంచి 1994 వరకు బబూన్ శాంక్చురీ నుంచి 62 కోతులను అక్కడికి తరలించారు. మత్తుసూది వేసి, కింద వల పట్టి, విడివిడిగా కాకుండా గుంపులు గుంపులుగా పట్టుకున్నారు. వైద్యుడు పరీక్షించాక కొన్నిటికి రేడియో పట్టీలు కట్టారు. కొత్తచోట వెంటనే వదలకుండా కొన్ని గుంపులను ముందు అక్కడే బోనులో ఉంచారు. బోనులోంచే అవి అరవడంతో, ఇంతకుముందు వదిలిన గుంపులకు వీళ్ల ఉనికి తెలిసి, ఇలాకాలు ముందే సర్దుకున్నాయి. మొదటి ఏడాది గడిచేసరికి చాలావరకు బతికే ఉన్నాయి, పిల్లలూ పుట్టాయి.

తరలించే ముందు మూడు ప్రశ్నలకు జవాబుండాలి. అక్కడ కోతులు ఎందుకు పోయాయి? ఆ కారణం తొలగిందా? తిండిచెట్లు ఏడాది పొడవునా సరిపోతాయా? కాక్స్‌కోంబ్‌లో వేట ఆగింది, అడవి కోలుకుంది, అందుకే కుదిరింది.

అధికారులు పట్టుకున్న పెంపుడు పిల్లను నేరుగా అడవిలో వదిలేస్తే సరిపోదా?

వదిలితే రోజుల్లో చనిపోతుంది. దానికి ఏ ఆకు తినాలో తెలియదు, కొమ్మల మీద బలం ఉండదు, గుంపు చేర్చుకోదు. ఉత్తర బెలీజ్‌లో సార్టెనేహా దగ్గర వైల్డ్‌ట్రాక్స్ అనే సంస్థ అటవీశాఖతో కలిసి ఈ పని చేస్తోంది. ముందు విడిగా ఉంచి క్షయ వంటి మనుషుల జబ్బులకు పరీక్షిస్తారు. తర్వాత పాల నుంచి మెల్లగా అడవి ఆకులకు మారుస్తారు. ఒకే ఈడు పిల్లలను కలిపి గుంపు కట్టిస్తారు. మనుషుల తాకిడి క్రమంగా తగ్గిస్తారు. అడవిలోపలి ఆవరణలో అలవాటు చేసి, చివరికి తలుపు తీసి, తర్వాత కూడా నెలలపాటు వెంట ఉండి చూస్తారు. ఒక్క పిల్లకే ఏళ్లు పడుతుంది. పట్టడం ఆపడమే అన్నిటికన్నా చౌక.

చెట్ల మీద దాక్కునే జంతువును ఎలా లెక్కపెడతారు?

తెల్లవారకముందే రెండు మూడు చోట్ల మనుషులు నిలబడి, కేక వినబడ్డ దిక్కును దిక్సూచితో, సమయంతో సహా రాసుకుంటారు. ఆ గీతలు మ్యాపు మీద కలిసిన చోట గుంపు ఉన్నట్టు. తర్వాత అక్కడికి వెళ్లి పెద్ద మగవి, పెద్ద ఆడవి, ఎదుగుతున్నవి, చంటిపిల్లలు అని విడివిడిగా రాస్తారు. ఒక్క లెక్క నమ్మకూడదు. ఆకుల వెనక ఉండిపోయిన ఆడదాన్ని వదిలేయడం మామూలే. గుంపు ఒక కొమ్మ మీంచి వరుసగా దాటేటప్పుడు లెక్కపెడితే తప్పు తక్కువ.

చెట్ల వరుసలు తెగకుండా ఉంచే పద్ధతి పనికొచ్చే జంతువు మన దగ్గర ఏదైనా ఉందా?

దేవాంగపిల్లి. నల్లమల, శేషాచలం వైపు, చిత్తూరు జిల్లాలో ఉండే ఈ చిన్న ప్రాణి దూకలేదు. కొమ్మ నుంచి కొమ్మకు పాకి వెళ్లాల్సిందే. రోడ్డు వెడల్పు చేసి పైన కలిసిన కొమ్మలు కొట్టేస్తే దానికి దారి మూసుకుపోతుంది. పొలం గట్ల మీద చెట్లు, పొదలు తెగకుండా ఉంచడం హౌలర్‌కు ఎంత అవసరమో దీనికీ అంతే.

## చూడటానికి వెళ్లేవారికి

ఎక్కడికి, ఎప్పుడు వెళ్తే తప్పకుండా కనిపిస్తాయి?

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు బెలీజ్ దగ్గరే, హ్యూస్టన్ లాంటి ఊళ్ల నుంచి నేరుగా విమానాలున్నాయి. బెలీజ్ సిటీ నుంచి బెర్ముడియన్ ల్యాండింగ్‌కు కారులో గంట ప్రయాణం. ఊరి మార్గదర్శకుణ్ణి తీసుకుంటే దాదాపు ఖాయంగా కనిపిస్తాయి. లమానై, టికాల్, పలెంకే శిథిలాల దగ్గర కూడా చూడొచ్చు. ఫిబ్రవరి నుంచి మే వరకు వానలు తక్కువ, దారులు బాగుంటాయి. రాత్రి ఊళ్లోనే ఉండి, తెల్లవారుజామునే లేవండి.

అరటిపండు ఇవ్వొచ్చా?

ఇవ్వకండి. ఆకులు అరిగించే పేగుకు మెత్తటి చక్కెర పండు హాని. అంతకంటే పెద్ద ప్రమాదం, మనిషి దగ్గరికి రావడం అలవాటైన కోతి వేటగాడి దగ్గరికీ వస్తుంది, రోడ్డు మీదికీ వస్తుంది. ఘాట్ రోడ్ల మీద కార్ల చుట్టూ మూగి చక్రాల కింద పడే కోతుల్ని చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. జలుబు, దగ్గు ఉంటే దగ్గరికి అసలు వెళ్లొద్దు.

గైడ్ కేక వేసి కోతులతో అరిపిస్తున్నాడు. పర్వాలేదా?

వద్దని మర్యాదగా చెప్పండి. ఆ కేకను కోతి పక్క గుంపు దాడి అనుకుంటుంది. తిండి మానేసి, అరిచి, దాచుకున్న శక్తి ఖర్చుపెడుతుంది. రోజుకు పదిమంది పర్యాటకుల కోసం పదిసార్లు అలా చేస్తే, ఎండాకాలంలో అది చిన్న నష్టం కాదు. తెల్లవారుజామున కాసేపు ఓపిక పడితే కేక దానంతటదే వినిపిస్తుంది.

సరిగ్గా కోతుల కింద నిలబడొచ్చా?

నిలబడకండి. విశ్రాంతి అయ్యాక అవి ఒకేసారి కింద వేస్తాయి. పక్కకు పది అడుగులు జరిగి, చెట్టు మొదలు కాకుండా కొమ్మ చివర కనిపించే చోటు నుంచి చూస్తే మెడ నొప్పీ ఉండదు, మొహాలూ బాగా కనిపిస్తాయి.

హౌలర్లను చూసి ఇండియాకు వచ్చేటప్పుడు టీకా పత్రం కావాలా?

బ్రెజిల్, పెరూ లాంటి ఎల్లో ఫీవర్ ముప్పున్న దేశాల నుంచి వస్తే కావాలి. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే ఆ పత్రం చెల్లుతుంది, కాబట్టి ప్రయాణానికి ముందే వేయించుకోవాలి. పత్రం లేకుండా హైదరాబాద్ విమానాశ్రయంలో దిగితే ఆరు రోజుల దాకా విడిగా ఉంచవచ్చు. బెలీజ్ ఒక్కటే చూసి వచ్చేవాళ్లకు ఈ షరతు లేదు. అయినా మధ్యలో ఏ దేశంలో ఆగుతున్నారో టికెట్ తీసుకునేటప్పుడే చూసుకోండి.